కింద మంట తగ్గకపోతే ఎటు పోవాలి, ఏ వైద్యం ఎంచుకోవాలి: నల్లగొండ, పాలమూరు ఆడవాళ్లకు

తెల్లబట్టకని ఒక గోలీ, లోపల పెట్టుకునే బిళ్లలు, పైన రాసుకోను ఒక ట్యూబు. వాడినన్నాళ్లు కొంచెం నయమనిపిస్తుంది, మళ్లీ మొదలు. మళ్లీ దవాఖానకు పోతే మళ్లీ అదే చీటీ. మూడోసారి కూడా పడుకోబెట్టి చూడకుండా, ఏ పరీక్షా చేయకుండా అదే మందు రాశారంటే ఇక ఆ దారిన తిరగడం దండగ. వేరే దారులు ఏమున్నాయి, ఏది ఎవరికి పనికొస్తుందన్నది ఇక్కడ రాస్తున్నాను.

యోని ద్వారం చుట్టూ, పెదవుల మీద, మూత్రం వచ్చే చోట నెలల తరబడి మంట, పోటు, సలపరం ఉన్నవాళ్ల కోసం ఇది. కారం చెయ్యి తగిలినట్టు ఉంటుందని కొందరంటారు, బ్లేడుతో గీసినట్టని ఇంకొందరు. కొందరికి ఏదైనా తగిలితేనే నొప్పి: భర్తతో కలిసినప్పుడో, ప్యాడ్ పెట్టుకున్నప్పుడో, బండి మీద కూర్చున్నప్పుడో. కొందరికి ఏమీ తగలకపోయినా పొద్దంతా రగులుతూనే ఉంటుంది. ఎంత వెతికినా స్పష్టమైన కారణం దొరక్కుండా మూడు నెలలు దాటితే దాన్ని వల్వోడైనియా అంటారు. 2015లో మూడు అంతర్జాతీయ వైద్య సంఘాలు కలిసి ఈ నిర్వచనానికి ఒప్పుకున్నాయి. అమెరికాలో చేసిన సర్వేల్లో వంద మంది ఆడవాళ్లలో ఎనిమిది మంది దాకా ఇలాంటి నొప్పి పడ్డట్టు తేలింది. మన దగ్గర అడిగేవాళ్లు తక్కువ, చెప్పుకునేవాళ్లు ఇంకా తక్కువ.

నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. ఈ నొప్పి విషయంలో దవాఖాన పెద్దదా చిన్నదా అన్నది తర్వాతి సంగతి. మిమ్మల్ని కూర్చోబెట్టి నాలుగు మాటలు అడిగి, పడుకోబెట్టి వెలుతురులో బయటి భాగం చూసి, ఎక్కడ నొప్పో తాకి తెలుసుకునే డాక్టర్ ఎక్కడ దొరికితే అదే మంచి దవాఖాన. మిగతా ఎంపికలన్నీ దాని వెనకే.

నొప్పి ఒకటే, కారణాలు వేరు

ఫంగస్ అయితే దురద ముందుంటుంది, మంట తర్వాత. పెరుగు విరిగినట్టు తెల్లబట్ట, చుట్టూ ఎరుపు. సరైన మందు పడితే చాలామందికి వారం లోపే తేడా తెలుస్తుంది. ఏడాదిలో మూడుసార్లు, అంతకన్నా ఎక్కువ తిరగబెడితే షుగర్ పరీక్ష చేయించుకోండి, స్రావాన్ని మైక్రోస్కోప్ కింద చూడమనండి, కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి ఏదో తేల్చే పరీక్షకు, పంపమనండి. మందు వాడినా వీసమెత్తు తేడా రాలేదంటే అసలది ఫంగసేనా అని అడగాల్సిన సమయం వచ్చినట్టే.

నెలసరి ఆగిపోయినవాళ్లకు, పాలిచ్చే బాలింతలకు, అండాశయాలు తీయించుకున్నవాళ్లకు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గి అక్కడి పొర పలచబడుతుంది, పొడిబారుతుంది. కలయికలో నొప్పి, మూత్రం తగిలితే మంట. వీళ్లకు ఫంగస్ గోలీలు ఎన్ని మింగినా ఏం లాభం? చాలామందికి కావాల్సింది లోపల పెట్టుకునే ఈస్ట్రోజెన్ క్రీము. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లయితే ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. బాలింతలకు చాలావరకు పాలు మాన్పించాక దానంతటదే సర్దుకుంటుంది, ఈలోపు కలయికలో జారుడుకు రాసుకునే జెల్లీతో నెట్టుకురావచ్చు.

మూడోది లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మ జబ్బు. మన దగ్గర దీన్ని ఎక్కువగా పొరబడతారు. చర్మం తెల్లబడి, పలచబడి, ముడతలు పడుతుంది. రాత్రిళ్లు నిద్ర పట్టనంత దురద, గోకితే పగుళ్లు. వదిలేస్తే చిన్న పెదవులు కరిగిపోయినట్టు పక్కలకు అంటుకుపోతాయి, ద్వారం ఇరుకవుతుంది. తెల్లగా కనిపించేసరికి బొల్లి అనుకుని భయపడేవాళ్లున్నారు, ఫంగస్ అనుకుని ఏళ్లు గడిపేవాళ్లూ ఉన్నారు. యాభై దాటినవాళ్లలో ఎక్కువ, చిన్న ఆడపిల్లల్లోనూ వస్తుంది. దీనికి క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ వాడతారు. మొదట రోజూ, తర్వాత రోజు విడిచి రోజు, అలా తగ్గిస్తూ మూడు నెలలు. ఆ తర్వాత కూడా డాక్టర్‌కు చూపించుకుంటూ ఉండాలి, ఎందుకంటే కొద్దిమందిలో ఇది క్యాన్సర్‌కు దారితీయవచ్చు. ఇక్కడ ఒక మాట: ఇదే ట్యూబు ఫంగస్ ఉన్నావిడ రాసుకుంటే ఫంగస్ ముదురుతుంది. పక్కింటామెకు తగ్గిందని ఆమె ట్యూబు తెచ్చుకుని వాడొద్దనేది అందుకే.

కాన్పులో కోసి కుట్లు వేసిన చోట ఒకే దగ్గర గుచ్చినట్టు ఉంటే అది మచ్చ నొప్పి, లేదా నరం నొప్పి. ఇవన్నీ చూసి, ఏవీ కావని తేలి, చర్మం మామూలుగా కనిపిస్తున్నా నొప్పి అలాగే ఉంటే అప్పుడు వల్వోడైనియా. ‘ఏం లేదమ్మా, అంతా బాగానే ఉంది’ అని పంపించేస్తే నమ్మి ఊరుకోకండి. కంటికి ఏమీ కనిపించకపోవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి.

మానని పుండు, గడ్డ, నెలసరి ఆగాక కనిపించే రక్తం, జ్వరంతో పాటు ఒక పక్క వాపు, నీటి పొక్కులు, మూత్రం బిగుసుకుపోవడం. వీటిలో ఏది ఉన్నా ఈ పోలికలన్నీ పక్కన పెట్టి ఆ రోజే దవాఖానకు పోవాలి.

ఆర్‌ఎంపీ, సర్కారు దవాఖాన, ప్రైవేటు, హైదరాబాద్

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి ముందు పోవడం మనకు అలవాటు. జ్వరానికి సరే. ఈ నొప్పికి మాత్రం ఆయన చూడలేడు, మీరు చూపించుకోలేరు. మంటన్నారని సూది వేస్తాడు, ఒక యాంటీబయాటిక్ ఇస్తాడు. అనవసరంగా వాడిన యాంటీబయాటిక్ తర్వాత ఫంగస్ వచ్చి కూర్చుంటుంది. అంటే పోయింది ఒక బాధతో, వచ్చింది రెండిటితో.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మొదటి అడుగుకు మంచిదే. షుగర్, మూత్ర పరీక్షలు ఉచితం. 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమం కింద ఎంపిక చేసిన కేంద్రాల్లో మంగళవారాలు ఆడవాళ్ల సమస్యలకే కేటాయించారు. మీ దగ్గర నడుస్తోందేమో ఆశా అక్కను అడగండి. జిల్లా దవాఖానల్లో సురక్ష క్లినిక్ ఉంటుంది. సుఖవ్యాధులకని పేరు పడటంతో ఆడవాళ్లు ఆ గది ముందు నిలబడటానికే జంకుతారు, కానీ తెల్లబట్టకు అక్కడ మందులిస్తారు. అక్కడిచ్చే ఆకుపచ్చ కిట్‌లో రెండు మందులుంటాయి: ఫంగస్‌కు ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాములు, మిగతా క్రిములకు సెక్నిడజోల్ 2 గ్రాములు. లక్షణాన్ని బట్టి వెంటనే మందిచ్చే పద్ధతి ఇది. ఇన్ఫెక్షన్ ఉన్న చాలామందికి ఒక్కసారితో తేలిపోతుంది. ఒకటికి రెండుసార్లు కిట్ వాడినా తగ్గలేదంటే మీది కిట్‌తో పోయే నొప్పి కాదని అర్థం. పై దవాఖానకు రాయించుకోండి.

పై దవాఖాన అంటే ఇప్పుడు హైదరాబాదే కానక్కరలేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వీటి జనరల్ ఆస్పత్రుల్లో గైనిక్‌తో పాటు చర్మ విభాగం కూడా ఉంటుంది. ఇదే కీలకం. తెల్లబడటం, దురద, పగుళ్లు ఉంటే చర్మ డాక్టర్ దగ్గరికే ముందు పోవాలని నేనంటాను. గైనిక్ ఓపీలో పొద్దున గర్భిణుల వరస చూస్తే తెలుస్తుంది, అక్కడ డాక్టరమ్మకు మీ మీద పెట్టడానికి ఎన్ని నిమిషాలుంటాయో. చర్మ విభాగంలో రద్దీ కొంచెం తక్కువ, చర్మాన్ని దగ్గరగా చూడటమే వాళ్ల పని. తెల్లబడటం లేకుండా ఒట్టి నొప్పే ఉంటే, కలయికలో నొప్పైతే, కాన్పు తర్వాత మొదలైతే గైనిక్.

ప్రైవేటు నర్సింగ్ హోంలో సమయం దొరుకుతుంది, గది తలుపు వేసి మాట్లాడతారు. అది తక్కువ విషయం కాదు. కాకపోతే పోయిన ప్రతిసారీ స్కానింగ్ రాస్తారు. కడుపు స్కానింగ్‌లో గర్భసంచి, అండాశయాలు కనిపిస్తాయి, బయటి చర్మం నొప్పి, నరం నొప్పి కనిపించవు. ‘స్కానింగ్ ఎందుకు మేడమ్, కింద చూస్తారా?’ అని అడగడం తప్పు కాదు. ఆ ఒక్క ప్రశ్నకు ఆమె ఎలా స్పందిస్తుందో చూస్తే ఆ డాక్టర్‌తో కొనసాగాలో వద్దో సగం తేలిపోతుంది.

జిల్లాలో రెండు చోట్ల తిరిగినా పేరు తేలకపోతే బీబీనగర్ ఎయిమ్స్‌ను ఆలోచించండి. గైనిక్, చర్మ, మానసిక విభాగాలు ఒకే ఆవరణలో ఉంటాయి, ఒకరి నుంచి ఇంకొకరికి చీటీ రాసి పంపుతారు. నల్లగొండ నుంచి సికింద్రాబాద్ పోయే రైలు దారిలోనే బీబీనగర్ ఉంది. పాలమూరు వైపు వాళ్లకు ఉస్మానియా, గాంధీ దగ్గర. పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్ దవాఖానలు ప్రసూతికి పెట్టిన పేరు. కాన్పుల ఒత్తిడిలో ఈ నొప్పికి ఓపిగ్గా సమయం దొరకడం కష్టమని నా అంచనా. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి బస్సు ఖర్చు భయం తగ్గింది. అయితే ఆ సౌకర్యం రాష్ట్ర సరిహద్దు వరకే. అలంపూర్, గద్వాల వాళ్లు కర్నూలుకు, మక్తల్, నారాయణపేట వాళ్లు రాయచూరుకు పోతే దూరం తగ్గుతుంది, సరిహద్దు దాటాక టికెట్ పడుతుంది.

ఫోన్‌లో ఈ-సంజీవని ద్వారా డాక్టర్‌తో ఉచితంగా మాట్లాడొచ్చు. రిపోర్టులు చూపించి సలహా అడగడానికి బాగుంటుంది. మొదటి పరీక్షకు మాత్రం పనికిరాదు, చూడకుండా ఈ నొప్పి తేలదు.

దూది పుల్ల పరీక్ష

దీన్ని కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మంచి పరీక్ష ఎలా ఉంటుందో తెలిస్తేనే అది జరగలేదని తెలుస్తుంది.

చెవులు శుభ్రం చేసుకునేలాంటి దూది పుల్లను తడిపి, డాక్టర్ ముందు తొడ లోపలి వైపు తాకుతారు. అక్కడ నొప్పి ఉండదు కదా, ఆ స్పర్శ ఎలా ఉంటుందో మీకు తెలియడానికి అది. తర్వాత పెద్ద పెదవులు, చిన్న పెదవులు. చివరికి యోని ద్వారం అంచు. ఆ అంచును గడియారం ముఖంలా అనుకుని ఒంటిగంట, మూడు, ఐదు, ఆరు, అలా ఒక్కో చోట మెల్లగా నొక్కుతూ ‘సున్నా నుంచి పదిలో నొప్పి ఎంత?’ అని అడుగుతారు. వల్వోడైనియాలో చాలామందికి నాలుగు నుంచి ఎనిమిది గంటల మధ్య, అంటే కింది అంచులో, కాలికి ముల్లు గుచ్చినప్పటిలా ఎగిరిపడేంత నొప్పి ఉంటుంది, పక్కనే మామూలుగా ఉంటుంది. ఆ అంకెలు చీటీ మీద రాయించుకోండి. మందు పని చేస్తోందో లేదో తర్వాత తేల్చేది అవే.

తర్వాత డాక్టర్ గ్లౌజు తొడిగి ఒక్క వేలితో లోపలి కండరాలు బిగుసుకున్నాయా అని చూస్తారు. లోపల పెట్టే ఇనుప పరికరం అన్నిసార్లూ అవసరం పడదు, అవసరమైతే చిన్న సైజుది అడగొచ్చు. పెళ్లికాని పిల్లకు పరీక్ష చేయకూడదని ఇళ్లల్లో అంటారు. దూది పుల్ల బయటి అంచునే తాకుతుంది, కాబట్టి ఆ పిల్లకూ చేయొచ్చు. ‘ఆపండి’ అంటే ఆపాలి, అది ముందే మాట్లాడుకోవాలి. మగ డాక్టర్ చూస్తే పక్కన ఆడ మనిషి ఉండాలని అడగడం మీ హక్కు, రోగుల హక్కుల పత్రంలో రాసి ఉంది.

చెప్పేటప్పుడు ‘కింద మంట’ అని ఊరుకుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ అనుకుని మూత్ర పరీక్ష రాసి పంపిస్తారు. ‘మూత్రం పోసేటప్పుడు లోపల కాదు మేడమ్, బయట తోలుకు తగిలితే మంట’ అనండి. ‘భర్తతో కలిసేటప్పుడు ద్వారం దగ్గరే నొప్పి’ వేరు, ‘లోపల పొత్తికడుపులో నొప్పి’ వేరు. నోటితో చెప్పడానికి ఇబ్బందైతే కాగితం మీద రాసుకుని ఇవ్వండి. చాలామంది డాక్టర్లకు అదే సులువు కూడా.

పూత మందా, గోలీలా, ఫిజియోథెరపీనా

ఇక్కడ ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. ఇచ్చారంటే అనుమానించండి.

లిగ్నోకైన్ 5 శాతం ఆయింట్‌మెంట్ మొట్టమొదట రాసేది. తిమ్మిరెక్కించే మందు. రాసిన మొదటి రెండు మూడు నిమిషాలు మంట పెరిగి తర్వాత మొద్దుబారుతుంది, ఆ సంగతి తెలియక చాలామంది మొదటి రోజే పారేస్తారు. శనగగింజంత తీసుకుని నొప్పి ఉన్న చోటే రాయాలి. కలయికకు ముందు వాడేవాళ్లు ఓ పావుగంట ఆగి తుడిచేయాలి, లేకుంటే భర్తకు కూడా తిమ్మిరెక్కుతుంది. తాకితేనే నొప్పి ఉన్నవాళ్లకు, ఒకే చోట నొప్పి ఉన్నవాళ్లకు ఇది సరిపోతుంది. పొద్దంతా, అంతటా రగిలేవాళ్లకు పూత మందుతో పెద్దగా ఒరిగేది లేదు.

అలాంటివాళ్లకు రాసేవి నరాల గోలీలు. ఎమిట్రిప్టిలిన్ రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. లేకుంటే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్. మెడికల్ షాపు అబ్బాయి ‘ఇది డిప్రెషన్ గోలీ అక్కా’ అంటాడు, ఇంటికొచ్చాక అత్తమ్మ ‘పిచ్చి గోలీలా?’ అంటుంది, గోలీ డబ్బాలోనే ఉండిపోతుంది. ఆ మందు నిజంగానే దిగులుకు వాడేదే, కానీ చాలా పెద్ద మోతాదులో. చిన్న మోతాదులో అది నరాల నొప్పిని తగ్గించడానికి ఇస్తారు. ఇబ్బందులూ ఉన్నాయి: నోరెండుతుంది, మలబద్ధకం, పొద్దున మత్తు. తెల్లవారుజామున పత్తి ఏరడానికి పోయేవాళ్లు పడుకునే ముందు కాకుండా రాత్రి అన్నం తిన్నప్పుడే వేసుకుంటే పొద్దుటి మత్తు తగ్గుతుంది, డాక్టర్‌ను అడిగి సమయం మార్చుకోండి. గుండె జబ్బు, కంట్లో ప్రెషర్, గర్భం ఉంటే ముందే చెప్పాలి. తగ్గిందని ఒక్కసారిగా ఆపకూడదు. జన ఔషధి షాపుల్లో తక్కువ ధరకే దొరుకుతాయి.

నిజం చెప్పాలంటే ఈ రెండిటి మీద ఆధారాలు అంత గట్టివి కావు. 2010లో అమెరికాలో పూత లిగ్నోకైన్‌నూ, ఎమిట్రిప్టిలిన్ జాతికే చెందిన ఇంకో గోలీనీ ఉత్తుత్తి మందుతో పోల్చి చూస్తే పెద్ద తేడా రాలేదు. 2018లో గాబాపెంటిన్ మీద చేసిన పరీక్షలోనూ అంతే. కొందరికి మేలు చేస్తాయి, కాబట్టి ప్రయత్నించొచ్చు. ఇవే దిక్కని ఏళ్లు గడపొద్దు.

మూడోది ఫిజియోథెరపీ, నా ఓటు దీనికే. నొప్పి భయంతో కటి కింది కండరాలు పిడికిలి బిగించినట్టు ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి, ఆ బిగువు నొప్పిని ఇంకా పెంచుతుంది. వాటిని వదులు చేయడం నేర్పిస్తారు: పొట్ట నిండా ఊపిరి, చేతితో కండరాలు సడలించడం, ద్వారాన్ని అలవాటు చేయడానికి మెల్లగా సైజు పెంచుతూ లోపల పెట్టుకునే గొట్టాల్లాంటి డైలేటర్లు, కండరం బిగువును యంత్రం మీద చూపించే బయోఫీడ్‌బ్యాక్. 2021లో కెనడాలో 212 మంది ఆడవాళ్లను రెండు గుంపులు చేసి పది వారాల పాటు ఒక గుంపుకు ఇలాంటి ఫిజియోథెరపీ, ఇంకో గుంపుకు రాత్రిపూట లిగ్నోకైన్ ఇచ్చారు. ఫిజియో గుంపులో పదిలో ఎనిమిది మంది దాకా బాగా తగ్గిందన్నారు, పూత మందు గుంపులో నలుగురు.

చిక్కేమిటంటే మన జిల్లాల్లో ఫిజియోథెరపీ అంటే మోకాళ్లు, నడుము, పక్షవాతం. ‘పెల్విక్ ఫ్లోర్ (ఈ కటి కింది కండరాలకు) చేస్తారా?’ అని ఫోన్‌లోనే అడిగి తెలుసుకుని పోండి, లేకుంటే నడుముకు కరెంటు పెట్టి పంపిస్తారు. హైదరాబాద్‌లో చేసేవాళ్లున్నారు. ప్రతి వారం పోలేనివాళ్లు ఒకటి రెండుసార్లు పోయి నేర్చుకుని ఇంట్లో చేసుకుని, నెలకోసారి చూపించుకోవచ్చు. ఇంకో జాగ్రత్త. కాన్పు తర్వాత మూత్రం ఆగనివాళ్లకు చెప్పే కీగెల్ వ్యాయామం, అంటే కింద బిగబట్టి వదలడం, ఈ నొప్పి ఉన్నవాళ్లకు చాలాసార్లు ఎదురు తిరుగుతుంది. అసలే బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగించమంటే ఎలా?

నొప్పితో పాటు భయం, నిద్రలేమి పెరిగితే మానసిక డాక్టర్, కౌన్సెలింగ్ తోడు చేసుకోవాలి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే సర్కారు మానసిక సలహా లైన్‌లో తెలుగులోనే మాట్లాడతారు. ద్వారం దగ్గరి పొరను కోసి తీసే ఆపరేషన్ కూడా ఉంది. ఒకే చోట, తాకితేనే నొప్పి ఉన్నవాళ్లకు, మిగతావన్నీ అయిపోయాకే, అదీ పెద్ద దవాఖానలో.

‘గర్భసంచి తీసేస్తే పోతది’

పోదు. ఇంత కచ్చితంగా చెప్పగలిగే మాట ఈ విషయంలో ఇంకొకటి లేదు. నొప్పి బయటి చర్మానిది, నరాలది, కండరాలది; గర్భసంచికీ దానికీ లంకె లేదు. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెప్తూనే ఉన్నాయి. తెల్లబట్ట, నొప్పి, ‘పిల్లలు అయిపోయారు కదా’ అనే మాట, ఈ మూడూ కలిస్తే ముప్పై ఐదేళ్లకే టేబుల్ ఎక్కిస్తారు. దాంతో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోయి, పొడిబారడం మొదలై, ఉన్న మంట రెట్టింపవుతుంది. ఈ నొప్పికని ఎవరైనా గర్భసంచి ఆపరేషన్ అంటే రిపోర్టులు తీసుకుని ఇంకో డాక్టర్‌కు చూపించే దాకా సంతకం పెట్టకండి.

ఇంట్లో, పొలంలో, మగ్గం మీద

కడుక్కోవడానికి గోరువెచ్చని నీళ్లు చాలు. డెటాల్ కలిపిన నీళ్లు, వేపాకు కషాయం, ఉప్పు, పసుపు, టీవీలో చూపించే వాష్‌లు, ఏవైనా సరే ఈ నొప్పి మీద కారం చల్లడమే. కడిగాక మెత్తటి బట్టతో అద్దుకుని కొబ్బరి నూనె గానీ పెట్రోలియం జెల్లీ గానీ పలచగా రాయొచ్చు. వెంట్రుకలు పోయే క్రీములు వద్దు. ప్యాడ్లలో పైన ప్లాస్టిక్ వల ఉండే రకం కంటే నూలు పొర ఉండేవి, లేదా ఎండలో ఆరేసిన నూలు బట్ట నయం. మూత్రం తగిలి మంటైతే పోసేటప్పుడే మగ్గుతో నీళ్లు పోసుకోండి.

నాట్ల కాలంలో బురద నీళ్లలో పొద్దంతా వంగి ఉండి, తడి లంగాతోనే ఇంటికి రావడం మామూలే. గట్టు మీద ఇంకో జత ఉంచుకుని మార్చుకుంటే సగం ఒరుపు తప్పుతుంది. చాటు లేక పొద్దుటి నుంచి మూత్రం ఆపుకోవడం ఇంకో పెద్ద సమస్య. గంటల తరబడి కింద బిగబట్టడం, నీళ్లు తాగకపోవడం, మలబద్ధకం, మూడూ కండరాలను బిగిస్తాయి. నలుగురు ఆడవాళ్లు కలిసి చీర అడ్డం పెట్టుకునే పాత పద్ధతే మంచిది.

గద్వాల, నారాయణపేట, పోచంపల్లి, పుట్టపాక వైపు మగ్గం పని చేసేవాళ్లకు కూర్చోవడమే శిక్ష. గుంట మగ్గం అంచు చెక్క మీద గంటలు గంటలు కూర్చుంటే బరువంతా సరిగ్గా నొప్పి ఉన్న చోట పడుతుంది. గుండ్రటి గాలి ట్యూబు కంటే ముందు వైపు తెరిచి ఉండే గుర్రపునాడా ఆకారం దిండు మేలు. పాత పరుపు స్పాంజిని ఆ ఆకారంలో కోసి నూలు గుడ్డ తొడిగితే సరిపోతుంది. ముప్పావు గంటకోసారి లేచి నాలుగడుగులు నడవండి. కండెలు చుట్టే పనిని ఎత్తు పీట మీదికి మార్చుకోవచ్చేమో చూడండి.

బొంబాయి, పుణె పనులకు వలస పోయే పాలమూరు ఆడవాళ్లకు ఒక మాట. చీటీలు, దూది పుల్ల పరీక్ష అంకెలు, వాడిన మందుల పేర్లు ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. అక్కడి డాక్టర్ మళ్లీ మొదటి నుంచి ఫంగస్ గోలీతో మొదలుపెట్టకుండా అదే ఆపుతుంది.

ఇంట్లో చెప్పుకోవడం

కొత్త పెళ్లికూతురుకు ‘మొదట్లో అందరికీ ఉంటది’ అంటారు. ఒకటి రెండుసార్లు ఇబ్బంది ఉండొచ్చు, నెలల తరబడి కోసినట్టు ఉండటం మామూలు కాదు. పిల్లలు కావట్లేదని సంతాన కేంద్రాలకు తిరిగే జంటల్లో కొందరికి అసలు సంగతి కలయికే సరిగా జరగకపోవడం. ముందు ఈ నొప్పిని చూపించుకుంటే ఆ ఖర్చులు తప్పుతాయి.

భర్తను ఒక్కసారైనా డాక్టర్ గదిలోకి తీసుకెళ్లాలని నేనంటాను. మీరు పది రాత్రులు చెప్పినా ‘సాకులు’ అనుకున్నది డాక్టర్ ఒక్క నిమిషం చెప్తే జబ్బని అర్థమవుతుంది. వైద్యం నడిచినన్నాళ్లు నొప్పి పుట్టించే కలయిక మానేయమని డాక్టరే చెప్తారు, దగ్గరితనానికి వేరే దారులున్నాయి. అయినా బలవంతం చేస్తే, కొడితే ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయొచ్చు, జిల్లా కేంద్రంలో ఇలాంటి బాధితులకు సాయం చేసే సఖి కేంద్రం ఉంటుంది.

ఎంతకాలం చూసి మార్చాలి

ఫంగస్ మందుకు రెండు వారాలు చాలు. లిగ్నోకైన్ పూతకు ఆరు నుంచి ఎనిమిది వారాలు. లైకెన్‌కు వాడే స్టెరాయిడ్‌కు, ఈస్ట్రోజెన్ క్రీముకు మూడు నెలలు. నరాల గోలీకి సరైన మోతాదుకు చేరాక రెండు నెలలు, మోతాదు పెంచకుండా 10 మిల్లీగ్రాముల దగ్గరే ఆరు నెలలు ఉంచితే మందు పని చేయలేదని అనడానికి లేదు. ఫిజియోకు పది, పన్నెండు సార్లు.

గడువు అయ్యాక దూది పుల్ల పరీక్ష మళ్లీ చేయమనండి. ఎనిమిది ఉన్న చోట ఐదుకు వచ్చిందంటే ఆ దారిలోనే ఉండండి, పూర్తిగా పోలేదని మార్చొద్దు. అంకె కదలకపోతే అదే డాక్టర్‌ను ‘తర్వాత ఏం చేద్దాం మేడమ్?’ అని అడగండి. ఆమె దగ్గర రెండో ఆలోచన ఉంటే డాక్టర్‌ను మార్చక్కరలేదు. మళ్లీ మొదటి ట్యూబే రాస్తే చీటీ తీసుకుని పై దవాఖాన బస్సెక్కండి.